పడుగు కాడ పన్నెండు మంది

వరంగల్లు, కొత్తవాడ
3-8-1944

చిరంజీవి మల్లికార్జునుకు మేనమామ గుండయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ డోర్నకల్ నుండి పంపిన నిమ్మకాయ తొక్కు అందింది. జాడీ మూత బిగించలేదని మీ అత్త లక్ష్మీనర్సమ్మ ఫిర్యాదు. అది నీ తల్లికి చేరవేయవద్దు.

ఈ ఉత్తరం వ్రాయడానికి కారణం వేరు. క్రమంగా చెబుతాను. నీవూ క్రమంగానే చదువు, ముందుగా చివరి పంక్తి చూడవద్దు.

ఒకటి. మే నెలలో మన ఇంటి పడుగుకు గంజి పెట్టిన నాడు పన్ను దఫ్తరు ఇన్స్పెక్టరు మన వీధికి వచ్చాడు. పడుగు పోగులు వీధి పొడవునా సాచి ఉన్నాయి. రెండు పక్కలా కుంచెలు పట్టి నూలు దువ్వుతున్న వాడకట్టు వారిని ఆయన వేలితో లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు మంది.

రెండు. జులైలో ఉర్దూ నోటీసు వచ్చింది. నిఘంటువు దగ్గర పెట్టుకొని మూడు రోజుల్లో చదివాను. పోయిన సంవత్సరం వచ్చిన కొత్త పన్ను చట్టం మూడో దఫా ప్రకారం, ఒకే చోట పది మంది గాని అంతకు మించి గాని కూలికి పనిచేస్తే అది నేత కార్ఖానా. కనుక నేను కార్ఖానాదారుణ్ణి. మూడు మగ్గాల కార్ఖానాదారుణ్ణి!

మూడు. వారు వేసిన పన్ను కట్టకపోతే మగ్గాలు జప్తు, నూలు రేషను కార్డు రద్దు. మూడు మగ్గాలూ అమ్మినా ఆ మొత్తం రాదు.

నాలుగు. అదే చట్టం ఏడో దఫాలో, ఇంటివారే నడుపుకొనే మగ్గాలకు మినహాయింపు ఉన్నదని నేనే కనిపెట్టాను. వెంటనే అర్జీ పెట్టాను. దాచేది ఏమీ లేదని తెలియడానికి నా పడుగు పుస్తకం కూడా జతపరిచాను. పదకొండేళ్ళుగా మన పడుగుకు ఎవరు ఏ రోజు వచ్చారో తేదీలతో సహా అందులో ఉన్నది. ఒక్క కొట్టివేత లేదు.

ఐదు. నిన్న ఆ అర్జీ కొట్టివేశారు. హైదరాబాదులో అప్పీలుకు ముప్పై రోజుల గడువు.

నీవు పనిచేసే వకీలు రాజేశ్వర్ రావు గారిని అడిగి ఒక్క సంగతి తెలియజెయ్యి. పుస్తకం అంత శుభ్రంగా ఉండగా ఎందుకు నమ్మలేదు?

ఇట్లు,
గుండయ్య


హైదరాబాదు
9-8-1944

పూజ్యులైన మామకు మల్లికార్జున్ నమస్కారాలు.

చివరి పంక్తే ముందు చూశాను, క్షమించండి. చూసి, తల పట్టుకున్నాను.

వాళ్ళు పుస్తకం నమ్మకపోవడం కాదు మామా, పూర్తిగా నమ్మారు. అందుకే కొట్టివేశారు. పన్నెండు పేర్లు, తేదీలు, హాజరు గుర్తులు. ఏ కార్ఖానా మేస్త్రీ కూడా అంత చక్కగా పెట్టడు. వారి దగ్గర ఇన్స్పెక్టరు మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యం మీరే కుట్టు వేసి చేతికిచ్చారు.

వకీలు గారు చెప్పింది వ్రాస్తున్నాను. పన్ను చట్టానికి రెండు తలుపులు ఉంటాయట. మూడో దఫా పన్ను వేసే తలుపు. ఫలానా మనిషి దాని కిందికి వస్తాడని సర్కారే చూపించాలి. మాటల్లో స్పష్టంగా లేకపోతే, సందేహం వలన మేలు ప్రజకే. ఏడో దఫా వదిలిపెట్టే తలుపు. అక్కడ మనను వదలడం తగునని మనమే చూపించాలి. సందేహం కలిగితే మేలు సర్కారుకు. మీరు పోయి ఏడో తలుపు తట్టారు. అంటే, "మూడో దఫా నాకు వర్తిస్తుంది, దయతో విడిచిపెట్టండి" అని మీ అంతట మీరే ఒప్పుకున్నట్టు. ఇప్పుడు ఆ అర్జీని వెనక్కు తీసుకొని, అసలు ఆ మూడో దఫాలోకే మనం రామని అప్పీలు వేస్తున్నారు.

మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. ఆ పన్నెండు మందికి ఎప్పుడైనా డబ్బు గాని, గింజలు గాని, బట్ట గాని ఇచ్చారా? మధ్యాహ్నం తిండి ఎవరిది? మీరు వాళ్ళ పడుగులకు వెళ్ళిన రోజులు ఎక్కడైనా వ్రాసి ఉన్నాయా?

ఇక మీదట ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వకండి. దయచేసి ఏదీ వ్రాయకండి.

మీ మేనల్లుడు,
మల్లికార్జున్


వరంగల్లు
19-8-1944

చిరంజీవికి,

"ఏదీ వ్రాయకండి" అన్న నీ వాక్యాన్ని మీ అత్తకు చదివి వినిపించాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు, లేదు. నీకు పలక మీద అక్షరాలు దిద్దించిన వాణ్ణి. ఈ ప్రశ్న నా మీదికి రావలసింది కాదు.

రెండవది. ఎవరి పడుగైతే వారి ఇంటిది తిండి. మన ఇంట జొన్న గటక, పచ్చిపులుసు. పండుగ దగ్గరపడితే బెల్లం ముక్క.

మూడవదానికి కొంత వివరం అవసరం. నీవు పన్నెండో ఏటనే చదువుకు పోయావు గనుక నీకు తెలియదు. నీ వకీలు గారికి అసలే తెలియదు. గంజిలో నానిన పడుగు తెల్లవారగానే వీధిలో సాచి, అది ఆరేలోగా పోగు పోగూ విడిపోయేట్టు దువ్వాలి. ఏ ఇంట్లోనూ పన్నెండు జతల చేతులు లేవు. కాబట్టి ఒకరి పడుగుకు అందరం వెళతాము. మన ఇంటికి వచ్చిన వారిని నేను వ్రాసుకుంటాను, మరచిపోతే పాపం గనుక. నేను ఎవరింటికి వెళ్ళానో మాత్రం వ్రాయరాదు. ఆ గుర్తు పెట్టుకోవలసింది ఆ ఇంటివారు. మా నాయన అనేవాడు, "మనకు చేసినోళ్ళను మరువొద్దు బిడ్డా, మనం చేసింది యాది చెయ్యొద్దు" అని. అందువలన నా పుస్తకంలో ఒక పక్కే ఉన్నది.

ఇంకొక మాట. నోటీసు సంగతి తెలిసిన నాటి నుండి ఎవరి పడుగుకు ఎవరూ పోవడం లేదు. పోతే పన్ను పడుతుందని భయం. మొన్న పక్కింటి పెద్దులు, అతని భార్యా ఇద్దరే దువ్వుకున్నారు. సగం దువ్వేసరికి మిగతా సగం అట్ట కట్టింది. తెగిన పోగులు అతుక్కుంటూ మూడు రోజులు కూర్చున్నాడు. నేను అరుగు మీద నిలబడి చూశాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను.

గుండయ్య


వరంగల్లు
14-9-1944

చిరంజీవికి,

నీ జవాబు రాకముందే మళ్ళీ వ్రాస్తున్నాను. పద్ధతి కాదని తెలుసు.

నిన్న పెద్దులుకు సాక్షి సమను వచ్చింది. చేత పట్టుకొని నేరుగా మన ఇంటికి వచ్చాడు. మీ అత్త ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళిచ్చింది.

"అన్నా, గిదేంది? 'గుండయ్య కింద పనిజేసే పెద్దులు' అని రాసిండ్రట. చదివినోడు చెప్పిండు. నేను నీ కూలోన్నా?"

"కాదురా. అది కోర్టోళ్ళు రాసిండ్రు."

"కోర్టోళ్ళకు నా పేరెట్ల ఎరుక? నీ బుక్కుల నుంచే గద! పదకొండేండ్లు రాస్కున్నవ్. అన్న బుక్కుల నేనున్ననని నేను ముచ్చటపడ్డ. గిందుకా రాస్కున్నది?"

చెంబు అరుగు మీద పెట్టి, నీళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయాడు. చెంబు సాయంత్రం దాకా అక్కడే ఉన్నది. మీ అత్త తీయలేదు, నేనూ తీయలేదు.

ఆ సమను మీద ఒక వకీలు ముద్ర ఉన్నదట. పెద్దులు నాకు చూపలేదు. అది మీ దఫ్తరు నుండి వచ్చిందా? ఆ మాట నీవు వ్రాసిందా? వ్రాసి ఉంటే దాచవద్దు. దానివలన కేసుకు లాభమే ఉండవచ్చు. కాని నాకు మగ్గాలు పోవడమూ, వాడకట్టు పోవడమూ రెండూ ఒకటి కావు. మగ్గాన్ని వడ్రంగి మళ్ళీ చేస్తాడు.

గుండయ్య


హైదరాబాదు
15-9-1944

మామకు నమస్కారాలు.

పడుగు పద్ధతి వివరంగా వ్రాసినందుకు వకీలు గారు సంతోషించారు. ఆ వెంటనే ఆయన ముఖం మారింది. సర్కారు వకీలు వేయబోయే వాదన మనకు తెలిసింది. గుండయ్య నేడు పెద్దులుకు చేస్తాడు, పెద్దులు రేపు గుండయ్యకు చేస్తాడు. పనికి బదులు పని. బదులు పుచ్చుకున్నది ఏదైనా కూలే కదా అని. పైన గటక ఉండనే ఉన్నది.

చిక్కు అర్థమైందా? మీరు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళలేదంటే, వాళ్ళు మీరు దాచిపెట్టిన కూలీలు. వెళ్ళారంటే, ఆ వెళ్ళడమే కూలి. ఎటు పోయినా గోడే.

అయినా వకీలు గారు రెండో దారే మంచిదంటున్నారు. నిజం ఆ పక్కన ఉన్నది గనుక. మిగతా ఇళ్ళలో మీరు వెళ్ళిన గుర్తులు ఏ రూపంలో ఉన్నా సేకరించండి. ఎవరికీ ఏ మాటా నేర్పకండి.

18-9-1944. ఈ ఉత్తరం టపాలో వేసేలోగా మీ రెండోది వచ్చింది. ఆ సమను సర్కారు వకీలు తీయించినది. పెద్దులు వారి సాక్షి, మన సాక్షి కాదు. ఆ మాట నేను వ్రాశానని మీరు అనుకోగలిగారు. అంతకన్నా ఇప్పుడు వ్రాయలేను.

మల్లికార్జున్


వరంగల్లు
12-10-1944

చిరంజీవి మల్లికార్జునుకు,

నీ మీద అనుమానపడ్డాను. తప్పు నాది. దీనికి సంజాయిషీ లేదు గనుక వ్రాయడం లేదు.

ఇల్లిల్లూ తిరిగాను. మొగిలయ్య ఇంటి వెనక గోడ మీద బొగ్గు గీతలు ఉన్నాయి. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వరుస. మొన్నటి వానకు సగం కారిపోయాయి. ముసలి సమ్మమ్మ దూలానికి వేలాడుతున్న నూలు తాడు విప్పి తెచ్చింది. ఎవరు వచ్చినా ఒక ముడి, ఇంటికొక రంగు. నాది నీలం.

"జర కూసో బిడ్డా, నీయి లెక్కవెడత. నువ్వు లెక్కవెట్టొద్దు, దోసం." ఆమే లెక్కపెట్టింది. "ఇరువై మూడు. ఇగ నీ రుణం తీరనీకె నేనింకో జల్మెత్తాలె. గా పన్నోల్లకు చెప్పు, అప్పటిదాంక ఆగమను."

తాడు ఇస్తానన్నది. గోడ తేవడం మాత్రం కుదరదని మొగిలయ్య అన్నాడు.

పెద్దులు తలుపు తీయలేదు. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉన్నది. రెండుసార్లు పిలిచాను. చప్పుడు వేగం పెరిగింది. నేనెక్కువగా వెళ్ళింది ఆ ఇంటికే. ఆ సంగతి అతని నోట రావలసిందే గాని నేను చెప్పరాదు. సర్కారు సాక్షిగా నిలబడి ఏమంటాడో నాకు తెలియదు. కోపంలో ఉన్న మనిషి "అవును, కూలోన్నే" అనడానికి ఒక్క క్షణం చాలు.

గుండయ్య


తంతి
హైదరాబాదు, 20-11-1944

విచారణ అనుకున్న తేదీకన్నా ముందుకు జరిగింది. ఎల్లుండి ఇరవై రెండున పదకొండు గంటలకు. మీరు తప్పక రావాలి. పెద్దులుకూ కబురు వెళ్ళింది. మల్లికార్జున్.


హైదరాబాదు
23-11-1944

మామకు,

స్టేషనులో ఉదయం రెండు బళ్ళు చూశాను. పెద్దులు ఒక్కడే దిగాడు. మీరు లేరు. చేతిలో సమ్మమ్మ తాడు చుట్ట ఉన్నది. "మామ ఏడి?" అంటే "రాడు" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

అప్పీలుదారు రాకపోవడం ఎంత నష్టమో మీకు తెలుసా? సర్కారు వకీలు మొదటి మాటే అది. "దాచేది ఉన్నవాడే ముఖం దాస్తాడు" అన్నాడు. రాజేశ్వర్ రావు గారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను.

తరువాత పెద్దులును పిలిచారు. జడ్జి గారు ఉర్దూలో అడిగింది నేను తెలుగు చేశాను. జరిగింది జరిగినట్టు వ్రాస్తాను.

సర్కారు వకీలు అడిగాడు, గుండయ్య నీకు ఏమిస్తాడని.

"గటక వెడతడు."

"అంటే అదే నీ కూలి."

"గటక కూలైతే మా వదినె పచ్చిపులుసుకు నేనే ఆమెకు జుర్మానా ఎయ్యాలె సర్కార్. అంత ఉప్పు."

అత్తకు ఈ వాక్యం చదివి వినిపించవద్దు.

జడ్జి గారు ముందుకు వంగి ఆయనే అడిగారు. "రేపు గుండయ్య నీ పడుగుకు రాలేదనుకో. దావా వేస్తావా?"

"దావా ఎందుకు? ఆయనింట్ల నీళ్ళు ముట్ట. గంతే."

"ఇప్పుడు ముట్టుతున్నావా?"

"లేదు. రెండు నెల్లాయె."

"ఎందుకు?"

"నన్ను కూలోడని రాయించిండని."

సర్కారు వకీలు లేచి నిలబడ్డాడు. చూశారా, సాక్షే అంటున్నాడు అన్నాడు. జడ్జి గారు చేయి ఎత్తి ఆయనను కూర్చోబెట్టి, పెద్దులును అడిగారు. "అంత కోపం ఉంటే ఆయనకు అనుకూలంగా ఎందుకు చెబుతున్నావు?"

"అనుకూలం లేదు, పనుకూలం లేదు. నేను కూలోన్ని కాను. గది చెప్పనీకె వచ్చిన. ఆయన నా పడుగుకు వచ్చిండు, నేను ఆయన పడుగుకు పోయిన. ఎవ్వనికెవ్వడు కూలోడు?"

"గుండయ్య ఇవాళ ఎక్కడ ఉన్నాడు?"

"నా పడుగు కాడ ఉన్నడు."

అదాలతు అంతా నవ్వింది. జడ్జి గారు నవ్వలేదు, ఏదో వ్రాసుకున్నారు. నేనూ నవ్వలేదు. మూడు మగ్గాలు పోయే రోజున మీరు పరాయి పడుగు దగ్గర ఏం చేస్తున్నారు మామా? తీర్పు డిసెంబరు ఎనిమిదికి వాయిదా పడింది.

మల్లికార్జున్


వరంగల్లు
26-11-1944

చిరంజీవికి,

నీ కోపం సబబే. సంగతి విను.

నీ తంతి, పెద్దులుకు కబురు ఇరవై ఒకటిన ఒక్కసారే అందాయి. అప్పటికే అతని నూలు గంజిలో వేసి ఉంది. కార్డు మీద వచ్చిన ఈ నెల నూలంతా అదే. మరునాడు పొద్దున సాచకపోతే పులిసి పోతుంది. పోతే ఈ యుద్ధకాలంలో మళ్ళీ ఎవరిస్తారు? అతను గంజి గోలెం పక్కన తల పట్టుకొని కూర్చున్నాడు. ఆ రోజు తలుపు తెరిచే ఉన్నది. లోపలికి వెళ్ళాను.

"నువ్వు బండెక్కు. పడుగు నేను చూసుకుంట."

"నీ మాటకు ఎవడస్తడు? నాలుగు నెల్లాయె, ఎవని గడప ఎవడు తొక్కుతలేడు."

"వస్తే వస్తరు. రాకుంటే నేనూ మీ వదినె దువ్వుతం."

"మరి నీ కేసు?"

"నా కేసుకు వకీలున్నడు. నీ పడుగుకు ఎవడున్నడు?"

అతను లేచి అంగీ తొడుక్కున్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కు తిరిగి, "నిన్ను బతికిద్దామని సాచ్చెం చెప్పనీకె పోతలేను, ఎరుకేనా?" అన్నాడు. ఎరుకే అన్నాను. సమ్మమ్మ తాడు మాత్రం తీసుకొనిపొమ్మని అతనికిచ్చాను.

యజమాని లేనప్పుడు పడుగుకు ఒకరు యజమానిగా నిలబడాలి. అందువలన రాలేదు. ఆలోచించడానికి వ్యవధి ఉంటే రెండు గడులు గీసి లాభనష్టాలు వ్రాసేవాణ్ణి. వ్యవధి లేదు. ఇప్పుడు వ్రాసి చూసినా జవాబు అదే వస్తున్నది.

తెల్లవారి వీధిలో కర్రలు పాతాము. మొదట మేమిద్దరమే. తరువాత మొగిలయ్య కుంచె చేత పట్టుకొని తన గడపలో వచ్చి నిలబడ్డాడు. అడుగు వేయలేదు. సమ్మమ్మ కర్ర ఊతగా వచ్చి, "ఏంరా, పడుగు ఆరుతాంది, మీ మానం ఆరుతలేదా?" అన్నది. మొగిలయ్య దిగాడు. పొద్దెక్కేసరికి పన్నెండు మందిమి.

అప్పుడే పన్ను దఫ్తరు జవాను వచ్చాడు, కాగితం తీశాడు. కుంచెలు ఆగిపోయాయి. "ఎవరి పని ఇది?" అన్నాడు. పెద్దులుదని చెప్పాము. "పెద్దులు ఏడి?" అదాలతుకు పోయాడన్నాము. "మరి మీకు కూలి ఎవరిస్తరు?" పడుగు ఆరుతున్నది. సమ్మమ్మే అన్నది, "నువ్వొక కుంచె వట్టు నాయినా, మాకిచ్చినంత నీకూ ఇస్తం."

అతను పేర్లన్నీ వ్రాసుకొని వెళ్ళాడు. పన్నెండు పేర్లు. ఆ కాగితం కూడా అదాలతుకు చేరితే మన గతి ఏమిటో నాకు తెలియదు. దువ్వడం మాత్రం ఆపలేదు. ఒక్క పోగు తెగలేదు.

గుండయ్య


హైదరాబాదు
9-12-1944

పూజ్యులైన మామకు మేనల్లుడి పాదాభివందనాలు.

ఇది క్రమంగా చదవనవసరం లేదు. గెలిచాము.

మీ ఉత్తరం అందిన నాడే వకీలు గారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, "మీ మామ రాకపోవడమే మేలైంది, ఆయన వచ్చి ఉంటే మళ్ళీ ఏదైనా జాబితా ఇచ్చేవాడు" అన్నారు. జవాను కాగితం అదాలతుకు చేరింది. సర్కారు వకీలే దాఖలు చేశాడు. కాని దాని మీద తేదీ ఉన్నది. విచారణ రోజే. పెద్దులు పడుగు దగ్గర ఉన్నవారిలో మీ పేరూ ఉన్నది. పెద్దులు చెప్పిన మాటకు సర్కారు కాగితమే సాక్ష్యమైంది.

తీర్పులోని ముఖ్యమైన భాగం తెలుగు చేసి పంపుతున్నాను. మీరు పుస్తకంలో ఎక్కించుకుంటారని తెలుసు.

"పన్ను చట్టాన్ని దాని మాటలను బట్టి చదవాలి. మాట ఎంత దూరం పోతుందో పన్నూ అంత దూరమే పోతుంది. పెద్ద కార్ఖానాలు ఇళ్ళ చాటున దాగకూడదన్నదే చట్టం ఉద్దేశమని సర్కారు వాదన. ఆ ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఉద్దేశం పేరుతో, చట్టం పేర్కొనని మనిషిని నేను తీసుకువచ్చి అందులో కూర్చోబెట్టలేను. చట్టం కూలి అన్నది. అడిగి పుచ్చుకొనే హక్కు ఉన్నదే కూలి. ఇవ్వకపోతే దావా లేదు, నీళ్ళు ముట్టడం మానుకోవడమే ఉన్నదని సాక్షి చెప్పాడు. అతను అప్పీలుదారు మీద కోపంతో ఉన్నవాడు గనుక అతని మాటకు విలువ ఎక్కువ. పొరుగువాడికి పెట్టిన అన్నం కూలి కాదు. ఇందులో ఎవరికైనా సందేహం మిగిలితే, ఆ సందేహం వలన మేలు పన్ను కట్టవలసిన వానికే."

వకీలు గారు ఒక హెచ్చరిక చేశారు. రేపు చట్టంలో మాటలే మార్చితే ఈ తీర్పు మనను కాపాడదు. అంతవరకు మగ్గాలు మనవి. పడుగు పుస్తకం తిరిగి ఇవ్వమని ఉత్తర్వు అయింది. ఈ వెంట పంపుతున్నాను. అన్ని పుటల మీదా అదాలతు ముద్రలు పడ్డాయి. మీకు బాధ కలుగుతుందని తెలుసు.

నాలుగు నెలలుగా మీతో వకీలులాగా మాట్లాడాను. మన్నించండి.

మల్లికార్జున్


వరంగల్లు
15-12-1944

చిరంజీవి మల్లికార్జునుకు మేనమామ దీవెనలు.

పుస్తకం అందింది. ముద్రలు వంకరగా వేశారు. ఉండనీ.

నిన్న మన ఇంటి పడుగు. నేను ఎవరినీ పిలవలేదు. పిలవడానికి నోరు రాలేదు. తెల్లవారి చూస్తే అందరికన్నా ముందు వచ్చి కర్రలు పాతుతున్నవాడు పెద్దులు. నాతో మాట్లాడలేదు. పొద్దంతా దువ్వాడు. మధ్యాహ్నం గటక తింటూ పచ్చిపులుసు నోట పెట్టుకొని, "వదినె, ఉప్పు సరిపోయింది" అన్నాడు. మీ అత్తకు ఆ మాట మర్మం తెలియదు, సంతోషించింది. తరువాత అతను చేయి కడుక్కొని, నా వంక చూడకుండానే అన్నాడు, "నీళ్ళియ్యి."

అదే చెంబు. నేనే ఇచ్చాను. రెండు గుక్కల్లో తాగి, "బుక్కుల రాసినవా నా పేరు?" అన్నాడు.

"రాయమంటవా?"

"రాయకుంటే నేనొచ్చినట్టు ఎట్ల ఎరుకైతది?"

సాయంత్రం దీపం పెట్టక ముందే వ్రాశాను. తేదీ వేసి పన్నెండు పేర్లు, వచ్చిన వరుసలో. ఆ కింద ఇంకొక పంక్తి వ్రాశాను. పదమూడు, మల్లికార్జున్, నాలుగు నెలలు.

నీ ఇంట మగ్గం లేదు, సాచవలసిన పడుగూ లేదు. ఈ బదులు ఎట్లా తీర్చాలో పద్ధతిలో ఎక్కడా లేదు. నీకు చేతులు కావలసిన రోజు ఏదో వ్రాయి. ఈసారి స్టేషనులో నేనే ముందు దిగుతాను.

గుండయ్య